కిడ్నీలో రాయికి షాక్ వేవ్ చికిత్స: పగలగొట్టేది యంత్రం, బయటికి పంపేది శరీరం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఎడమ కిడ్నీ కింది కాలిక్స్‌లో, అంటే మూత్రం మొదట చేరే చిన్న గిన్నెల్లో కింద ఉన్నదానిలో, 12 మి.మీ. రాయి ఉందని సీటీ స్కాన్‌లో తేలింది. ఒక వైద్యుడు కోత లేకుండా షాక్ వేవ్స్‌తో పగలగొట్టవచ్చునన్నారు. మరొకరు మూత్రమార్గం గుండా సన్నని స్కోపు పంపి లేజర్‌తో తీయడమే మేలన్నారు. ఎవరి మాట వినాలి, షాక్ వేవ్స్ వల్ల కిడ్నీకి హాని ఉంటుందా, ఎన్నిసార్లు చేయించుకోవలసి వస్తుంది అన్నవి మీ ప్రశ్నలు. యూరాలజిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు పద్ధతులనూ చేస్తూ వచ్చిన వాడిగా జవాబు రాస్తున్నాను. మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్న జవాబు గనుక, తుది నిర్ణయం మీ స్కాన్ ఫిల్మును స్వయంగా చూసిన వైద్యుడిదే.

ముందుగా సూటిగా చెబుతాను. మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. 12 మి.మీ. కింది కాలిక్స్ రాయి సరిగ్గా సరిహద్దు మీద కూర్చున్న రాయి. అదే రాయి కిడ్నీ మధ్యభాగమైన పెల్విస్‌లో ఉండి ఉంటే నేను పెద్దగా ఆలోచించకుండా షాక్ వేవ్స్ వైపు మొగ్గేవాణ్ణి. 20 మి.మీ. దాటి ఉంటే ఆ ఊసే ఎత్తేవాణ్ణి కాదు. మీ విషయంలో తేల్చవలసినవి రాయి పరిమాణం కాక వేరే మూడు అంకెలు, అవి మీరు రాసిన రిపోర్టులో లేవు. వాటి దగ్గరికి వచ్చే ముందు ఈ చికిత్స ఎలా పని చేస్తుందో కొంత వివరించక తప్పదు, ఎందుకంటే ఎవరికి పనికి వస్తుంది, ఎవరికి రాదు అన్న లెక్క అంతా అందులోనే ఉంది.

షాక్ అనే మాట వినగానే కరెంటు షాక్ అనుకొని భయపడేవారిని వారానికి ఒకరినైనా చూస్తుంటాను. శరీరంలోకి విద్యుత్తు ఏమాత్రమూ వెళ్లదు. షాక్ వేవ్ అంటే ధ్వని తరంగానికి దగ్గరి బంధువైన ఒక పీడన తరంగం. అది సెకనులో కొన్ని లక్షల వంతుల కాలమే ఉంటుంది గాని, ఆ కాసేపట్లో పీడనం ఒక్కసారిగా వాతావరణ పీడనానికి కొన్ని వందల రెట్లకు ఎగసి, వెంటనే సున్నా కన్నా దిగువకు పడిపోతుంది. రాయిని పగలగొట్టడంలో ఈ ఎగసే భాగానికీ, పడిపోయే భాగానికీ వేర్వేరు పాత్రలు ఉన్నాయి.

ఈ ఆలోచన వైద్యశాలలో పుట్టినది కాదు. ధ్వనికి మించిన వేగంతో ఎగిరే విమానాల మీద వాన చినుకులు తగిలినప్పుడు లోహంలో పుట్టే షాక్ వేవ్స్ గురించి జర్మనీలోని డోర్నియర్ విమాన సంస్థ చేసిన పరిశోధన నుంచి ఇది మొలకెత్తింది. క్రిస్టియన్ షోసీ బృందం 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో మొదటిసారిగా ఒక మనిషి కిడ్నీలోని రాయికి ఈ చికిత్స చేసింది. తరువాత వచ్చిన హెచ్‌ఎమ్‌3 అనే యంత్రానికి 1984లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. ఆ రోజుల్లో రోగికి మత్తు ఇచ్చి, కుర్చీ వంటి అమరికలో కూర్చోబెట్టి, పెద్ద నీళ్ల తొట్టిలోకి దించేవారు. గుండె లయ తప్పకుండా ఉండేందుకు ఒక్కొక్క షాక్‌నూ ఈసీజీలోని గుండె స్పందనకు జత చేసి వదిలేవారు. అప్పటిదాకా నడుము పక్కన పెద్ద కోత పెట్టి తీసిన రాళ్లు చాలావరకు ఆ తొట్టిలోనే పగిలిపోవడం మొదలైంది. ఈనాటి యంత్రాలలో తొట్టి లేదు. దాని స్థానంలో నీళ్లు నింపిన మెత్తని దిండు ఉంటుంది, దానికీ చర్మానికీ మధ్య జెల్ పూస్తారు.

తొట్టి అయినా దిండు అయినా నీళ్లే ఎందుకన్నది గమనించవలసిన విషయం. మన కండరాలు, కొవ్వు, కిడ్నీ కణజాలం చాలావరకు నీటిలాగే ధ్వనిని ప్రసరింపజేస్తాయి. కనుక నీటిలో పుట్టిన తరంగం చర్మం దగ్గర ఆగకుండా లోపలికి సాగిపోతుంది. గాలి తగిలితే మాత్రం తరంగం దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. రాయి దగ్గర పదార్థపు గుణం ఒక్కసారిగా మారుతుంది గనుక తరంగం తన శక్తిని అక్కడ దింపుతుంది. యంత్రం తరంగాలను వెడల్పుగా పుట్టించి, భూతద్దం ఎండను ఒక చుక్కగా పోగుచేసినట్టు, రాయి ఉన్న చోట కలిసేలా చేస్తుంది. అందుకే చర్మం దగ్గర పలచగా విస్తరించి ఉన్న ఆ పీడనం లోపలికి వెళ్లి రాయిని చీల్చగలుగుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి అవి తరంగం దారిలో పడితే గాయపడతాయి. చిన్న పిల్లలకు చేసేటప్పుడు ఊపిరితిత్తులు పడే వైపు థర్మోకోల్ వంటి అడ్డు పెట్టడానికి కారణం ఇదే.

రాయి పగిలేది ఒకే విధంగా కాదు. ఎగసిన పీడనం రాయిని చుట్టూ నుంచి పిండుతుంది. రాయి గుండా దూసుకెళ్లిన తరంగం అవతలి అంచు నుంచి వెనక్కి తిరిగినప్పుడు లోపల లాగుడు బలం పుట్టి పగుళ్లు తీస్తుంది. రాళ్లు నొక్కుడును తట్టుకున్నంతగా లాగుడును తట్టుకోలేవు. ఆ తరువాత వచ్చే తక్కువ పీడనపు భాగం, రాయి చుట్టూ ఉన్న మూత్రంలో సూక్ష్మమైన బుడగలను పుట్టిస్తుంది. అవి ఉబ్బి, ఒక్కసారిగా కూలిపోయి, సూదిలాంటి ద్రవపు ధారలతో రాయి పైపొరను కొరుకుతాయి. ఒక్క షాక్‌తో రాయి పగలదు. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరికి తెగినట్టు, రెండు మూడు వేల షాక్‌లలో పగుళ్లు పెరిగి పెరిగి రాయి విచ్చిపోతుంది.

ఈ బుడగల విషయం నుంచి రోగులు తెలుసుకోవలసిన ఒక ముఖ్యమైన సంగతి ఉంది. షాక్‌లను త్వరత్వరగా, అంటే నిమిషానికి 120 చొప్పున కొడితే, ముందు షాక్ వదిలిన బుడగలు ఆరిపోక ముందే తరువాతి షాక్ వచ్చి వాటిలోనే తన శక్తిని పోగొట్టుకుంటుంది. నిమిషానికి 60 చొప్పున నెమ్మదిగా కొడితే రాయి మెరుగ్గా పగులుతుంది, కిడ్నీకి తగిలే దెబ్బ కూడా తగ్గుతుంది. అదేవిధంగా మొదట తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచడం వల్ల కిడ్నీ రక్తనాళాలు ముందే ముడుచుకొని రక్తస్రావం నుంచి కొంత కాపాడతాయని జంతువులపై జరిపిన ప్రయోగాల్లో తేలింది. అరగంటలో పని ముగించామని గర్వంగా చెప్పే చోటు కన్నా గంట పట్టిందని చెప్పే చోటునే నేను ఎక్కువ నమ్ముతాను. జెల్‌లో గాలి బుడగలు చిక్కుకుంటే శక్తి సగం దారిలోనే పోతుంది. చిన్న విషయంగా కనబడే ఆ జెల్ పూతను నిర్లక్ష్యం చేసి, చక్కగా పగలవలసిన రాళ్లను పగలగొట్టలేకపోయిన రోజులు నా తొలినాళ్లలో లేకపోలేదు. తప్పు రాయిదనే అప్పుడు అనుకునేవాణ్ణి.

ఇక మీ రిపోర్టులో లేని ఆ మూడు అంకెలు.

మొదటిది రాయి సాంద్రత. సీటీ స్కాన్‌లో దీన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. 900 నుంచి 1000 లోపు ఉంటే షాక్ వేవ్స్‌కు లొంగే అవకాశం బాగుంటుంది, 1000 దాటిన కొద్దీ ఆ అవకాశం పడిపోతుంది. సిస్టీన్ రాళ్లు, బ్రషైట్ రాళ్లు, కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ రాళ్లు మొండివి. కాల్షియం ఆక్సలేట్ డైహైడ్రేట్ రాళ్లు తేలికగా విచ్చుకుంటాయి. సాంద్రత బాగా తక్కువగా, 500 లోపు ఉండి, మూత్రం ఆమ్లగుణంతో ఉంటే అది యూరిక్ ఆమ్లపు రాయి కావచ్చు. అలాంటి రాయిని పగలగొట్టే ముందు పొటాషియం సిట్రేట్ వంటి మందుతో మూత్రపు ఆమ్లగుణాన్ని తగ్గించి కరిగించే ప్రయత్నం చేయవచ్చు. కిడ్నీ రాయి మందుతో కరుగుతుందా అని అందరూ అడుగుతుంటారు గాని, మందుతో నిజంగా నమ్మకంగా కరిగేది ఈ ఒక్క రకమే. ఎక్స్‌రేలో కనబడకపోవడం ఈ రాయి గుణం. కనుక దానికి షాక్ వేవ్స్ ఇవ్వాలన్నా అల్ట్రాసౌండ్ సాయంతో గురి చూడవలసి ఉంటుంది.

రెండవది చర్మం నుంచి రాయి దాకా ఉన్న దూరం. ఇది 10 సెం.మీ. దాటితే తరంగం దారిలో బలహీనపడుతుంది, కొన్ని యంత్రాల గురి అంత లోతుకు అందదు కూడా. స్థూలకాయుల్లో ఈ చికిత్స తరచుగా విఫలం కావడానికి ఇదే ప్రధాన కారణం. దీన్ని సీటీ చిత్రం మీద కొలవడానికి అరనిమిషం కూడా పట్టదు. అయినా చాలా రిపోర్టుల్లో రాయరు. మీరు అడిగితే రేడియాలజిస్టు కొలిచి చెబుతారు.

మూడవది కాలిక్స్ మెడ రూపం. మీ రాయి విషయంలో అన్నిటికన్నా బరువైనది ఇదే. కిడ్నీలో మూత్రం మొదట కాలిక్స్ అనే చిన్న గిన్నెల్లో చేరుతుంది. అక్కడి నుంచి సన్నని మెడల గుండా పెల్విస్‌లోకి, పెల్విస్ నుంచి మూత్రనాళంలోకి దిగుతుంది. పై కాలిక్స్‌లో పగిలిన ముక్కలు వాటంతట అవే కిందికి జారుతాయి. కింది కాలిక్స్‌లో పగిలినవి మాత్రం పైకి ఎక్కి బయటపడాలి. కుండ అడుగున చేరిన ఇసుకను కుండ వంచకుండా నీళ్లు పోసి తీయమన్నట్టు ఉంటుంది వాటి పరిస్థితి. మెడ వెడల్పుగా, పొట్టిగా ఉండి, పెల్విస్‌తో కలిసే చోట కోణం విశాలంగా ఉంటే ముక్కలు బయటికి వస్తాయి. మెడ సన్నగా, పొడవుగా, కోణం ఇరుకుగా ఉంటే రాయి పొడి అయినా అక్కడే పడి ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ రాయిగా పేరుకుంటుంది.

ఈ మాటకు గట్టి ఆధారమే ఉంది. కింది కాలిక్స్ రాళ్ల మీద 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో రోగులను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు పద్ధతులకు పంచారు. మూడు నెలల తరువాత చూస్తే, వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి రాయి తీసే పీసీఎన్‌ఎల్ పద్ధతిలో 95 శాతం మందికి రాయి పూర్తిగా పోగా, షాక్ వేవ్స్ తీసుకున్న వారిలో 37 శాతం మందికే పోయింది. 10 మి.మీ. మించిన రాళ్లు ఉండి షాక్ వేవ్స్ తీసుకున్న 33 మందిలో ఏడుగురికి మాత్రమే ఆ ఫలితం దక్కింది. అంత మాత్రాన మీకూ అలాగే జరుగుతుందని కాదు. మెత్తని రాయి, అనుకూలమైన మెడ ఉన్నవారిని ఏరి చికిత్స చేస్తే ఫలితం దీనికన్నా మెరుగ్గా ఉంటుంది. కానీ ఏరకుండా అందరికీ చేస్తే ఇలాగే ఉంటుంది.

ఈ మూడు కాక, అసలు షాక్ వేవ్స్ ఇవ్వకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. గర్భిణులకు ఇవ్వరు, ఇందులో మినహాయింపు లేదు. రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారికి, రక్తాన్ని పలచన చేసే మందులు వాడుతూ ఆపలేని వారికి ఇవ్వరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటే ముందుగా తప్పక చెప్పాలి. గుండెలో స్టెంటు ఉన్నవారు వాటిని తమంతట తాము ఆపితే రాయి కన్నా పెద్ద ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే. గుండె వైద్యుడితో మాట్లాడించిన తరువాతే ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో తేలాలి. రాయికి దిగువన మూత్రనాళం మూసుకొని ఉంటే పగిలిన ముక్కలకు దారే ఉండదు గనుక ముందు ఆ అడ్డు సంగతి చూడాలి. తరంగం దారిలో పెద్ద ధమని ఉబ్బి ఉన్నవారికీ ఇది తగదు.

మూత్రంలో ఇన్ఫెక్షన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. కొన్ని రాళ్లు లోపల బ్యాక్టీరియాను దాచుకొని ఉంటాయి, వాటిని పగలగొట్టడమంటే ఆ బ్యాక్టీరియాను రక్తంలోకి వదలడమే. చికిత్సకు ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ ఉంటే మందులతో నయం చేసిన తరువాతే షాక్ వేవ్స్ జోలికి వెళ్లాలి. కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుందని తొందరపడి మానేయవద్దు.

చికిత్స రోజు గురించి మీ భయం అర్థమయింది. కొన్ని గంటల ముందు నుంచి ఏమీ తినకుండా రమ్మంటారు. బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ల దిండును నడుము వైపు ఆనించి, ఎక్స్‌రేతోనో అల్ట్రాసౌండుతోనో రాయిని గురిలోకి తెస్తారు. టక్కు టక్కుమని శబ్దం వస్తుంటుంది, చాలాచోట్ల చెవులకు అడ్డు ఇస్తారు. నడుము వెనక ఎవరో ఒకే చోట మొట్టికాయలు వేస్తున్నట్టు అనిపిస్తుందని చాలామంది చెబుతారు. శక్తి పెంచినకొద్దీ అది లోతైన నొప్పిగా మారవచ్చు. ఆ నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అనుకోకండి. నొప్పికి ఊపిరి ఎగబీల్చినప్పుడల్లా కిడ్నీ కదులుతుంది, రాయి గురి నుంచి తప్పుతుంది, ఆ షాక్‌లు కిడ్నీ కణజాలానికి తగులుతాయి. మంచి నొప్పి మందు ఇచ్చి, నెమ్మదిగా సమంగా ఊపిరి తీసుకునేలా చేస్తేనే రాయి పగులుతుంది.

ఇంటికి వెళ్లాకే అసలు సగం మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం దాదాపు అందరిలో జరిగేదే, నడుము మీద చర్మం కమిలినట్టు కనబడటమూ మామూలే. తరువాతి రోజుల్లో, కొన్నిసార్లు వారాల పాటు, ఇసుకలాంటి పొడి, చిన్న ముక్కలు మూత్రంలో పడుతుంటాయి. అవి మూత్రనాళంలో దిగేటప్పుడు రాయి నొప్పి మళ్లీ రావచ్చు. అందుకు నొప్పి మాత్రలతో పాటు మూత్రనాళాన్ని సడలించే టామ్సులోసిన్ వంటి మందు ఇస్తుంటారు. నీళ్లు తాగాలి, మంచం మీద పడి ఉండకుండా నడవాలి. కింది కాలిక్స్ రాయి అయితే, తల, ఛాతీ దిగువకు ఉండేలా ఏటవాలుగా పడుకోబెట్టి నడుము మీద తట్టే పద్ధతి కొందరికి సాయపడుతుంది. అయితే దీన్ని చూపించుకొని నేర్చుకున్నాకే ఇంట్లో చేయాలి, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు చేయకూడదు.

మూత్రాన్ని సన్నని జాలీలో వడగట్టి, పడిన ముక్కల్ని దాచి ల్యాబ్‌కు పంపమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. పదిమందిలో నలుగురైనా పట్టుకొస్తే సంతోషిస్తాను. రాయి దేనితో తయారయిందో తెలియకుండా రేపు రాకుండా చూడమంటే ఏ వైద్యుడైనా ఊహించి చెప్పవలసిందే.

ఏది మామూలు, ఏది కాదన్నది స్పష్టంగా తెలిసి ఉండాలి. చలితో కూడిన జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నా, మాత్రలకు లొంగని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టు ఉన్నా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. నా దగ్గర చికిత్స తీసుకున్న ఒకాయన మూడో రోజు జ్వరాన్ని నీరసం వల్ల అనుకొని రెండు రోజులు ఇంట్లోనే మాత్ర వేసుకొని గడిపారు. వచ్చేసరికి ముక్కలు మూత్రనాళంలో ఒకదాని వెనక ఒకటి చేరి బారులు తీరి దారిని మూసేశాయి, పైన నిలిచిన మూత్రం చీముగా మారింది. అత్యవసరంగా గొట్టం వేసి ఆ చీమును బయటికి తీయవలసి వచ్చింది. ఆయన కోలుకున్నారు, కానీ ఆ రెండు రోజులు ముందే వచ్చి ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. జ్వరం సంగతి నేను చీటీ మీద రాసి ఇవ్వకుండా నోటితో చెప్పి ఊరుకోవడం నా పొరపాటు. అప్పటి నుంచి రాసే ఇస్తున్నాను. ఇలా ముక్కలు బారులు తీరడాన్ని వైద్యులు జర్మన్ మాటతో స్టైన్‌స్ట్రాసె, అంటే రాళ్ల వీధి అంటారు. రాయి పెద్దదైన కొద్దీ ఇది జరిగే అవకాశం పెరుగుతుంది.

కిడ్నీకి హాని గురించి అడిగారు. షాక్ వేవ్స్ కిడ్నీకి ఏమీ చేయవని ఎవరైనా చెబితే నమ్మకండి. గురి పడిన చోట సన్నని రక్తనాళాలు చిట్లుతాయి, మూత్రంలో కనబడే రక్తం వాటిదే. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో ఈ దెబ్బ చాలావరకు మానిపోతుంది. కిడ్నీ చుట్టూ పెద్ద రక్తపు గడ్డ ఏర్పడి ఇబ్బంది పెట్టడం నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలో జరుగుతుంది. అదుపులో లేని రక్తపోటు, రక్తం పలచన చేసే మందులు ఉన్నవారిలో ఆ ముప్పు ఎక్కువ. కాబట్టి చికిత్సకు ముందు రక్తపోటును అదుపులోకి తేవడం లాంఛనం కోసం చెప్పే మాట కాదు. ఏళ్ల తరువాత రక్తపోటు, మధుమేహం వస్తాయా అన్న సందేహం 2006లో, పాత హెచ్‌ఎమ్‌3 యంత్రంతో చికిత్స పొందినవారిని పందొమ్మిదేళ్ల తరువాత పరిశీలించిన ఒక నివేదికతో బలంగా లేచింది. ఆ తరువాత ఒక ప్రాంతపు జనాభా మొత్తాన్ని లెక్కలోకి తీసుకొని చూసినప్పుడు రక్తపోటుతో ఆ సంబంధం నిలబడలేదు. రాయి ఉన్నవారికి షాక్ వేవ్స్ తీసుకోకపోయినా ఈ రెండు జబ్బులూ ఇతరుల కన్నా ఎక్కువగానే వస్తాయి. ఈ చిక్కు వల్లే పాత నివేదికను అంత తేలికగా అర్థం చేసుకోలేము. నా వరకు నేను దీని నుంచి తీసుకున్న జాగ్రత్త ఒక్కటే, ఒకే కిడ్నీకి మళ్లీ మళ్లీ షాక్‌లు కొట్టుకుంటూ పోను.

ఎన్నిసార్లు అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇదే. మొదటి విడత తరువాత రెండు నుంచి నాలుగు వారాలకు ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ తీసి చూస్తాము. రాయిలో చెప్పుకోదగ్గ మార్పు ఉంటే రెండో విడత సబబు. మొదటి విడతలో రాయి బీటైనా వారకపోతే రెండోసారి అదే యంత్రం కింద పడుకోవడం వృథా, అప్పుడు పద్ధతి మార్చాలి. మూడో విడత చేయమని చెప్పిన సందర్భాలు నా వృత్తిలో చాలా అరుదు. ముక్కలు పూర్తిగా పోయాయా లేదా అన్నది మూడు నెలలకు గాని తేలదు. 4 మి.మీ. లోపు ముక్కలు మిగిలితే వాటిని పట్టించుకోనక్కరలేదని ఒకప్పుడు చెప్పేవారు. వాటిలో కొన్ని మళ్లీ పెరుగుతాయనీ, కొన్ని ఎప్పుడో ఒకనాడు నొప్పి తెప్పిస్తాయనీ ఇప్పుడు తెలుసు కాబట్టి ఏడాదికోసారైనా చూసుకోవాలి.

రెండో వైద్యుడు చెప్పిన స్కోపు పద్ధతిని ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. దీనిలోనూ కోత ఉండదు. వంగే సన్నని స్కోపు కాలిక్స్‌లోకి వెళ్లి, లేజర్‌తో రాయిని పొడి చేస్తుంది, కొన్ని ముక్కలను బుట్టలాంటి పరికరంతో పట్టి బయటికి తెస్తుంది. ముక్కల్ని బయటికి పంపే భారం పూర్తిగా శరీరం మీద పడకపోవడమే దీని బలం. కింది కాలిక్స్ రాళ్లలో ఒకే విడతలో పని పూర్తయ్యే అవకాశం దీనికే ఎక్కువ. దానికి చెల్లించేది మత్తు, ఆసుపత్రిలో ఉండటం, ఎక్కువ మందిలో కొన్నాళ్ల పాటు డీజే స్టెంట్, అంటే మూత్రం దిగేందుకు మూత్రనాళంలో ఉంచే సన్నని గొట్టం. షాక్ వేవ్స్‌కు సాధారణంగా స్టెంట్ అక్కరలేదు, వేసినంత మాత్రాన రాయి ఎక్కువగా పోదు కూడా. ఒకే కిడ్నీ ఉన్నవారికి, నొప్పి గాని అడ్డు గాని ఉన్నవారికి, పెద్ద రాయి ఉన్నవారికి మాత్రం వేస్తారు. ఎందుకు వేస్తున్నారని అడిగి తెలుసుకోండి.

మీ పరిస్థితికి తిరిగి వస్తే, నేనైతే ఇలా చేస్తాను. సాంద్రత 900 లోపు, దూరం 10 సెం.మీ. లోపు, మెడ వెడల్పుగా ఉంటే, ఇన్ఫెక్షన్ లేకపోతే, మత్తు లేకుండా బయటపడే అవకాశాన్ని మీకు ఇవ్వడానికి ఒక విడత షాక్ వేవ్స్ చేస్తాను, అవసరమైతే రెండో విడత. సాంద్రత 1000 దాటినా, మెడ సన్నగా కోణం ఇరుకుగా ఉన్నా, నెలల తరబడి ఆశతో ఎదురు చూడనివ్వకుండా మొదటే స్కోపు వైపు పంపుతాను. ఈ రెండింటి మధ్య ఎక్కడో పడితే, మీ ఉద్యోగం, సెలవు, మత్తు మీద మీకున్న భయం, మళ్లీ రావలసి వస్తే ఓర్చుకోగలరా అన్నవి తూచి మీరే చెప్పాలి. అలాంటి రాయి విషయంలో రోగి ఇష్టానికి విలువ ఇవ్వడం వైద్యంలో భాగమే. ఇంకొక దారి కూడా ఉంది. రాయి నొప్పి పెట్టడం లేదు, మూత్రాన్ని అడ్డగించడం లేదు, ఇన్ఫెక్షన్ తేవడం లేదు అంటే, ఆరు నెలలకోసారి చూసుకుంటూ ఆగడం కూడా తప్పు కాదు. అయితే 12 మి.మీ. రాయి తనంతట తాను పడిపోతుందని మాత్రం ఎదురు చూడవద్దు. 5 మి.మీ. లోపు రాళ్లకే ఆ నమ్మకం పెట్టుకోవచ్చు.

పద్ధతి ఏదైనా రాయి ఒకసారి వచ్చినవారిలో సుమారు సగం మందికి పదేళ్లలో మళ్లీ వస్తుంది. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగడం, ఉప్పు తగ్గించడం అందరికీ వర్తిస్తాయి. కాల్షియం ఉన్న ఆహారం పూర్తిగా మానేయడం మాత్రం తప్పు. పేగులో ఆక్సలేట్‌ను పట్టి ఉంచేది ఆ కాల్షియమే గనుక, అది తగ్గితే మూత్రంలో ఆక్సలేట్ పెరుగుతుంది. మిగతా జాగ్రత్తలు జాలీలో పట్టిన ముక్కల రిపోర్టును బట్టి ఉంటాయి.

తదుపరి సారి వెళ్లినప్పుడు సీటీ ఫిల్మును తీసుకెళ్లి సాంద్రత, దూరం, కాలిక్స్ మెడ కోణం కొలిచి రాయించుకోండి. ఇద్దరు వైద్యులకూ అవే అంకెలు చూపించి మళ్లీ అడగండి. ఈసారి ఇద్దరి జవాబూ ఒకటే అయ్యే అవకాశం ఉంది.